అమ్మ తెరిచిన కళ్ళు

మా అమ్మ పని చనిపోయినవాళ్ళ కళ్ళు తెరవడం. స్కూల్లో తల్లి వృత్తి ఏంటని అడిగితే నేను గృహిణి అని రాసేదాన్ని. నిజం రాస్తే ఇంకో నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి, నాకేమో చిన్నప్పటినుంచీ ముక్కు మీదే ఉంటుంది కోపం.

రాజమండ్రిలో మాది పాత ఫోటో కంపెనీ. స్టూడియో అంటే నాన్నగారు ఒప్పుకోరు. మా తాతగారు బోర్డు మీద కంపెనీ అని రాయించారు కాబట్టి కంపెనీయే. మెయిన్ రోడ్డు మీద పెద్ద కొట్టు, సామర్లకోటలో ఒక బ్రాంచి, భీమవరంలో ఒక బ్రాంచి ఉండేవి. కెమెరా నాన్నగారిది. కొట్టు వెనక గదిలో కిటికీ పక్కనున్న టచింగ్ బల్ల అమ్మది. టచింగ్ అంటే నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముడతలు తగ్గించడం, మచ్చలు మాయం చెయ్యడం, పెళ్ళికూతురి మెడ కింద నీడ తీసెయ్యడం. ఆ మాత్రం పని ఊళ్ళో ఇంకా కొందరు చేసేవారు. అమ్మ ఒక్కతే చేసే పని వేరే ఉంది.

అప్పట్లో పల్లెల్లో చాలామందికి బతికుండగా ఫోటో ఉండేది కాదు. మనిషి పోయాక ఆ సంగతి గుర్తొచ్చేది. నాన్నగారికి కబురొచ్చేది. ఆయన కెమెరా తీసుకుని వెళ్ళి, పోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టించి, వెనకాల దుప్పటి కట్టించి ఫోటో తీసుకొచ్చేవారు. పెద్దకర్మకి గోడ మీద పటం ఉండాలి. కళ్ళు మూసుకున్న పటానికి దండ వెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకని ఆ ప్రింటు అమ్మ బల్ల మీదకి వచ్చేది. సన్న బ్రష్షు, నల్లరంగు, రవ్వంత తెలుపు. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాలవేళకి ఆ మనిషి కళ్ళు తెరిచేవాడు.

ఊరికే తెరిచేది కాదు. బ్రష్షు పట్టుకునే ముందు వాళ్ళ ఇంటివాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న అడిగేది. "ఎటు చూసేవారండి?" జనం ఒంటిరంగు చెప్తారు, ముక్కుపుడక గురించి చెప్తారు, కాఫీలో పంచదార ఎంత వేసుకునేవారో కూడా చెప్తారు, చూపు మాత్రం చెప్పలేరు. ఒకసారి చర్చికి వెళ్ళే కుటుంబం ఒకటి వచ్చింది. వాళ్ళ అమ్మగారు టీచరు. జ్ఞాపకార్థ కూడికకి పటం కావాలి. పెద్దకొడుకు "మా అమ్మ ఎప్పుడూ నన్నే చూసేదండి" అన్నారు. రెండో ఆయన ఆ మాట తప్పన్నారు. ఆఖరి కూతురు ఏడ్చింది. అమ్మ అందరిదీ విని కళ్ళు తిన్నగా పెట్టింది, గదిలో ఏ మూల నిలబడినా మన వైపే చూస్తున్నట్టుండేలా. టీచరు కదా, క్లాసంతా చూస్తుంది అంది. ముగ్గురూ ఎవరి మటుకు వాళ్ళు గెలిచినట్టు వెళ్ళిపోయారు.

మా అమ్మకు వినయం అనేది లేదు. ఈ రెండు జిల్లాల్లో నేను తెరిచినన్ని కళ్ళు ఏ కంటి డాక్టరూ తెరిచి ఉండడు అనేది, అదీ కంటి డాక్టరు గారి భార్య ఫోటో దిగడానికి వచ్చినప్పుడు.

ఇంతలో డిజిటల్ కెమెరాలు వచ్చాయి. ఊళ్ళో అందరికీ వచ్చాక ఆఖరున మాకు వచ్చాయి. నాన్నగారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అవి కుర్రాళ్ళ ఆటబొమ్మలని, నెగెటివ్ లేని ఫోటో పునాది లేని ఇల్లని ఆయన వాదన. పెళ్ళివాళ్ళు వచ్చి "మీది డిజిటలేనా అండి?" అని అడిగి, కాదంటే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు. సామర్లకోట బ్రాంచి మూతపడింది. అందులో సెల్ రీఛార్జి కొట్టు పెట్టారు. భీమవరం బ్రాంచిలో రొయ్యల మేత అమ్మడం మొదలుపెట్టారు. అప్పుడు నాన్నగారు ఒకరోజు భోజనాల దగ్గర గొంతు సవరించుకుని, కంపెనీ డిజిటల్‌కి మారుతోందని ప్రకటించారు. సభలో ఉన్నది నేనూ అమ్మా. అమ్మ పులుసు వెయ్యనా అని అడిగింది.

కంపెనీ ఏమవుతుందని నాన్నగారి బెంగ. అమ్మ ఏమవుతుందని నా బెంగ. నెగెటివ్ లేకపోతే టచింగ్ లేదు. టచింగ్ లేకపోతే కిటికీ పక్కన బల్ల లేదు. ఆ బల్ల లేకుండా మా అమ్మని నేను ఊహించుకోలేకపోయేదాన్ని. వంట అమ్మకి ఇష్టం లేదు, టీవీ చూస్తే నిద్రొస్తుంది, దేవుడి దగ్గర కూడా ఎక్కువసేపు కూర్చోదు. ఆ పని ఒక్కటే చేతనయింది, ఆ పని ఒక్కటే కావాలనుకుంది.

కెమెరా రాగానే నాన్నగారు దానికి బొట్టుపెట్టి, నిమ్మకాయ తిప్పి, వాడటం మొదలుపెట్టారు. వాడటమంటే, మెమరీ కార్డు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఫిల్ము మార్చే నల్లసంచి బయటికి తీసేవారు. దానికి రెండు చేతులుంటాయి, చొక్కా తొడుక్కున్నట్టు అందులో చేతులు పెట్టి లోపలే చీకట్లో ఫిల్ము మారుస్తారు, వెలుతురు తగలకుండా. కార్డుకి వెలుతురు తగిలినా ఏమీ కాదని నేను చెప్పాను. నాకూ తెలుసన్నారు. తెలిస్తే మరి సంచి ఎందుకంటే, ఏమీ కాదని తెలిసినంత మాత్రాన జాగ్రత్త మానేస్తామా అన్నారు. పెళ్ళి పందిట్లో ఆయన సంచిలో చేతులు పెట్టి, కళ్ళు మూసుకుని కార్డు మారుస్తుంటే పెళ్ళివాళ్ళు పక్కకి జరిగి నిలబడేవారు. పురోహితులు గారు కూడా ఒకసారి మంత్రం ఆపారు.

నెగెటివ్‌కి అలవాటు పడ్డ కస్టమర్లు నెగెటివ్ ఏదని అడిగితే, పాత నెగెటివ్ కవరులోనే సీడీ పెట్టి ఇచ్చేవాళ్ళం. భీమవరం వైపు ఒకాయన పెళ్ళి సీడీని తీసుకెళ్ళి పక్షులు వాలకుండా చేపల చెరువు మీద తాడుకి కట్టారు. ఏడాది తర్వాత వచ్చి ఫోటోలు మసకబారాయండి అన్నారు.

నేను దానవాయిపేటలో కంప్యూటరు నేర్చుకుని వచ్చాను. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేరు వచ్చింది, కంప్యూటరు కూడా వచ్చింది. దాన్నెక్కడ పెట్టాలన్నది మిగిలింది. నాన్నగారు తడుముకోకుండా అమ్మ బల్ల మీద పెట్టించారు. ఖాళీగానే ఉంది కదా అన్నారు. నేను ఆ రోజు ఆయనతో పెద్ద గొడవే పడ్డాను. ఆవిడకి ఒక్క మాటైనా చెప్పక్కర్లేదా అని అరిచాను, కౌంటరు దగ్గర పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినాయన జుట్టు దువ్వుకోవడం ఆపి విన్నాడు. ఈలోగా అమ్మ తన పెన్సిళ్ళూ బ్రష్షులూ కిటికీ గూట్లోకి మార్చుకుని, ఒక స్టూలు తెచ్చి బల్ల పక్కన వేసుకుంది.

"నువ్వు కూచో. నేను చూస్తాను" అంది.

అలా చూసింది చాలా ఏళ్ళు. వాడేది లేకపోయినా రోజూ పొద్దున్నే ఆ పెన్సిళ్ళు చెక్కి పెట్టుకునేది. నేను అది చూడనట్టు కంప్యూటరు ఆన్ చేసేదాన్ని.

నేను తెరిచిన మొదటి కళ్ళు కొత్తపేట దగ్గర ఊళ్ళో పోయిన ఒక ముసలావిడవి. మనవరాలి పెళ్ళి గ్రూపు ఫోటోలో ఆవిడ మొహం బాగుంది, కళ్ళు మాత్రం మూతపడ్డాయి. నా దగ్గరున్న ఇంకో పెళ్ళికూతురి ఫోటోలోంచి కళ్ళు కత్తిరించి ఆవిడకి అతికించాను. కంప్యూటరులో నాకు చాలా బాగున్నట్టే అనిపించింది. అమ్మ స్టూలు మీంచి వంగి చూసింది.

"ఈవిడ మనవరాలి పెళ్ళికొచ్చిందా, తనే చేసుకుంటోందా?"

ముసలావిడకి ముసలి కళ్ళే కావాలి. అవి ఎక్కడ దొరుకుతాయని వెతికితే ఇంట్లోనే ఉన్నాయి. అప్పటికి అమ్మకి అరవై దగ్గర పడుతున్నాయి. కళ్ళ కింద సంచులు, కొసల్లో గీతలు, మధ్యలో మాత్రం కత్తి. కాకపోతే ఒక చిక్కుంది. మా అమ్మ ఏ ఫోటోలోనూ కళ్ళు తెరిచి లేదు. స్టూడియోలో బతికిన మనిషి కదా, నాన్నగారి వేలు కదలగానే ఫ్లాష్ ఎప్పుడు పడుతుందో ముందే తెలిసిపోయి రెప్ప వేసేసేది. చివరికి సొంత పెళ్ళి ఫోటోలో కూడా తాళి కట్టించుకుంటూ కళ్ళు మూసుకునే ఉంది. భక్తి అనుకున్నారట అందరూ.

ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుతురులో, దగ్గరి లెన్సు పెట్టి ప్రయత్నించాను. క్లిక్కుమనే లోపలే రెప్ప. కబుర్లు చెప్తూ తీశాను, ఊపిరి బిగపట్టమని తీశాను. ఊహూఁ. నేను ఈ హడావుడిలో ఉండగా కొట్టు వెనకున్న మా ఇంట్లోంచి మాడు వాసన వచ్చింది. పొయ్యి మీద అన్నం నా పూచీ. అమ్మ గిర్రున నా వైపు తిరిగి తిట్టడం మొదలుపెట్టింది. తిట్టేటప్పుడు మా అమ్మ రెప్ప వెయ్యదు. అప్పుడు పడింది. ఫ్రేము నిండా రెండు కళ్ళే, ముక్కు కూడా సగమే. అదంతా నేను మాడ్చిన అన్నం మీది కోపమే అని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అమ్మ తెర మీద చూసుకుని, బాగున్నాయి వాడుకో అంది. ఆ దారి దొరికాక మిగతావి తేలికయ్యాయి. గుమ్మం వైపు చూసేవి, కిందకి చూసేవి, అన్నీ అదే దగ్గరి లెన్సుతో, ఎవరినో ఒకరిని కేకలేస్తుండగా తీసినవే. మగవాళ్ళకి నాన్నగారి కళ్ళు. ఆయన కలెక్టరులా కూర్చుని ఒక్క పూటలో అన్ని చూపులూ ఇచ్చేశారు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"నేను పోయాక కూడా ఉద్యోగం తప్పదన్నమాట" అంది అమ్మ. మొహం చూస్తే సంతోషంగానే ఉంది. ఆ మాట విన్నాక నా బెంగ సగం తీరింది.

అక్కణ్ణుంచి పని ఇలా నడిచింది. ఎవరైనా పటం కోసం వస్తే ఎటు చూసేవారండి అని అడిగేది అమ్మ. వాళ్ళలో ఒకరు ఏడ్చేదాకా ఆగి, ఏ చూపు వాడాలో నాకు చెప్పేది. నేను ఆ కళ్ళు అతికించి, ముడతలు మార్చి, రెప్పలు సవరించి, ఆ మొహానికి సరిపడేలా చేసేదాన్ని. నాకు అమ్మ కోపం అబ్బింది గానీ అమ్మ చెయ్యి అబ్బలేదు. ఎంత మార్చినా చూపు మాత్రం మారేది కాదు. వచ్చినవాళ్ళు కూడా అచ్చం బతికున్నట్టే ఉన్నారండి అనేవారు. నిజమే, ఆ కళ్ళున్న మనిషి పక్కనే స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది.

కంపెనీ కూడా నిలబడింది. పెళ్ళి ఆల్బమ్‌లు, పాస్‌పోర్టు ఫోటోలు, ఆపైన ఫ్లెక్సీలు. నాన్నగారికి ఫ్లెక్సీ మొదట గోచీగుడ్డలా అనిపించింది గానీ, తొందర్లోనే డెల్టాలో పుట్టినరోజుకీ పోయినరోజుకీ ఫ్లెక్సీ లేనిదే పని జరగని కాలం వచ్చింది. ఒకసారి కోటిపల్లి బస్టాండు దగ్గర ఎవరో పెద్దావిడకి అశ్రునివాళి ఫ్లెక్సీ కట్టారు. మాదే. నేనూ అమ్మా కూరగాయలకి వెళ్తూ దాని కింద ఆగాం. కిటికీ తలుపులంత కళ్ళు, అమ్మవి, బస్టాండులో జనాన్నంతా తిట్టబోతున్నట్టు చూస్తున్నాయి. అమ్మ కాసేపు చూసి, కుడి కన్ను కింద గీత ఎక్కువైంది, తగ్గించాల్సింది అని, వంకాయల దగ్గరకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆత్రేయపురంనుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ళింట్లో పూతరేకులు చేస్తారు. అత్తగారు పోతే మేమే పటం చేసి ఇచ్చాం, తిన్నటి చూపుతో, అంటే మాడిన అన్నం చూపుతో. ఆ పటం పొయ్యికి ఎదురు గోడ మీద పెట్టారట. ఆ కోడలు రోజంతా ఆ పొయ్యి ముందే కూర్చుంటుంది. బోర్లించిన కుండ మీద పల్చటి పిండిలో ముంచిన గుడ్డ అలా పరిచి తీస్తే రేకు వస్తుంది. చెయ్యి కాస్త ఆగినా చిరుగుతుంది.

"తలెత్తితే చాలండి, మా అత్తగారే. రేకు చిరిగిపోతందండి. చూపు కొంచెం పక్కకి తిప్పగలరా అండి?" అంది.

అమ్మ అడిగింది. "బతికుండగా ఎటు చూసేవారమ్మా?"

"నా చేతుల వైపేనండి."

అమ్మ నా వైపు తిరిగింది. కోడలు కష్టం కోడలిది, గుమ్మం వైపుకి తిప్పెయ్యవే అని నాకు చెప్పింది. తిప్పి కొత్త పటం ఇచ్చాం. ఆవిడ దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది, చేతిలో పూతరేకుల పెట్టె, చంకలో పటం. మొదటిదే ఇచ్చెయ్యమంది. ఏమైందమ్మా అంటే ముందు పూతరేకుల పెట్టె అమ్మ చేతిలో పెట్టింది. చివరికి, "గుమ్మం వైపు చూస్తుంటే ఎవరి కోసమో ఎదురుచూస్తన్నట్టుందండి. నాకు తోచట్లేదండి. తిట్టినా నన్నే చూడనివ్వండి" అంది.

ఆవిడ వెళ్ళాక అమ్మ పూతరేకు తింటూ, చూశావా నా కళ్ళ విలువ అంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, నా కళ్ళు తుడుచుకోవడానికి.

ఇప్పుడు ఎవరి ఫోటోలు వాళ్ళ ఫోన్లలోనే ఉన్నాయి. పోయినవాళ్ళు నవ్వుతూ, సెల్ఫీలు దిగుతూ వేలకొద్దీ ఉంటున్నారు. కళ్ళు తెరిపించడానికి వచ్చేవాళ్ళు బాగా తగ్గారు. అయినా అమ్మ స్టూలు దిగలేదు. శుక్లాల ఆపరేషను అయ్యాక కూడా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి కూర్చుంది. కొన్నాళ్ళు ఏమీ కనపడకపోయినా, గీత ఎక్కువైంది తగ్గించు అనేది. చూస్తే నిజంగా ఎక్కువే అయ్యేది, ఎందుకంటే నా పనిలో అది ఎప్పుడూ ఎక్కువే.

పోయిన వర్షాకాలంలో అమ్మ పోయింది. చాలాకాలంగా షుగరుంది, చివరికి గుండె ఆగింది. ఆ పొద్దున్న కూడా పెన్సిళ్ళు చెక్కి ఉన్నాయి. నాకు ముందు కోపమే వచ్చింది, ఆసుపత్రి మీద, వాన మీద, నాన్నగారి మీద. కోపం అయిపోయాక ఇంకేమీ మిగల్లేదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

పెద్దకర్మకి పటం కావాలి. ఇంత పెద్ద కంపెనీ ఉన్నవాళ్ళం, కంప్యూటరంతా వెతికాం. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, కొట్టు వార్షికోత్సవంలో, అన్నింట్లోనూ అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఉన్నవాటిలో మొహం బాగున్నది ఒకటి తీసి తెర మీద పెట్టాను. నాన్నగారు కౌంటరు వదిలి వచ్చి ఆ స్టూలు మీద కూర్చున్నారు. ఆయన దాని మీద కూర్చోవడం అదే మొదటిసారి.

అడగవలసిన ప్రశ్న నేనే అడిగాను. "నాన్నగారూ, అమ్మ ఎటు చూసేది?"

ఆయన అందరు కస్టమర్లలాగే ముందు ముక్కుపుడక గురించి చెప్పారు. తర్వాత అన్నారు. "కిందకేనమ్మా. బల్ల వైపు. నేను పిలిచినా చేతిలో గీత అయితేగానీ తలెత్తేది కాదు. నీ వైపు మాత్రం బాగా చూసేదిలే, తిట్టడానికి."

అందుకని తిన్నటి చూపే తీశాను, మాడిన అన్నం నాటిది. తెచ్చి అమ్మ మొహంలో పెట్టాను. ముడత మార్చనక్కర్లేదు, రెప్ప సవరించనక్కర్లేదు, జీవితంలో మొదటిసారి అతుకు కనపడకుండా కుదిరింది. కుదిరాక చూస్తే, అది అమ్మ కాదు. ఆత్రేయపురం అత్తగారు. బస్టాండు ఫ్లెక్సీలో పెద్దావిడ. ఇన్నేళ్ళుగా ఎవరెవరి మొహాల్లోనో పెట్టిన కళ్ళు, సొంత మొహంలోకి వచ్చేసరికి ఎవరో కస్టమరు చూస్తున్నట్టుంది. నేను జరిపి చూశాను, రంగు మార్చి చూశాను. నాన్నగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇది మనం డెలివరీ ఇచ్చే ఫోటోలా ఉందమ్మా. తీసెయ్."

తీసేశాను. మళ్ళీ రెప్పలు మూసుకున్నాయి. కనుబొమలు కొంచెం ముడిపడి, ఫ్లాష్ పడబోతోందని ముందే తెలిసిపోయిన మనిషి. వెంటనే అమ్మ అయింది. అదే పటం కట్టించాం. గోదావరి జిల్లాల్లో కళ్ళు మూసుకున్న మనిషికి దండ వేసిన ఇల్లు ఇప్పుడు మాదొక్కటే అనుకుంటాను, అదీ కళ్ళు తెరిచే కంపెనీవాళ్ళ ఇల్లు.

వచ్చినవాళ్ళందరూ అడిగారు. అదేంటండి, అందరివీ తెరిచి మీ ఆవిడవి తెరవలేదేంటండి అని. నాన్నగారు ప్రతివాళ్ళకీ ఒకటే జవాబు చెప్పారు. "ఆవిడవి బయట పనిలో ఉన్నాయండి."

సంవత్సరీకం ఇంకా రాలేదు. ఈమధ్య నేను ఒక్కదాన్నే బస్సెక్కి ఆత్రేయపురం వెళ్ళాను. పూతరేకులకి అని చెప్పాను నాన్నగారికి. ఆ కోడలు నన్ను గుర్తుపట్టి లోపలికి తీసుకెళ్ళింది. మంచినీళ్ళు తెస్తానంటూ పొయ్యి ముందునుంచి లేస్తూ, కూర్చోండని తన పీటే నా వైపు జరిపింది. కూర్చుని తలెత్తాను. ఎదురుగా గోడ మీద ఎవరిదో ముక్కు, ఎవరిదో బొట్టు, ఎవరిదో తెల్లజుట్టు. మధ్యలో అమ్మ, అన్నం మాడ్చినందుకు నన్ను తిట్టబోతోంది.

కోడలు గ్లాసుతో వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. "మా అత్తగారు మీ వైపే చూస్తన్నట్టుందండి" అంది.

అవునండి అన్నాను. పొయ్యి మీద కుండ వేడెక్కి ఉంది, ఆవిడ పని ఆగిపోయింది, నేను లేచి పీట ఇచ్చెయ్యాలి. ఇంకాసేపు కూర్చోనా అండి అని అడిగాను.